మోకాలి ఆపరేషన్: నిర్ణయం ఎవరిది?



నాకు వైద్యం నేర్పిన మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు రోబోటిక్ సర్జరీ గురించి మాట్లాడితే బాగుంటుందని నిర్వాహకులు సూచించారు. అంతకన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది, దాని గురించి మాట్లాడతానన్నాను. పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మోకాళ్లు అరిగి నొప్పితో బాధపడుతున్న మనిషి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? చేయించుకుంటే ఎప్పుడు? అమ్మ విషయంలోనో, అత్తగారి విషయంలోనో, తమ విషయంలోనో ఈ ప్రశ్న ఎదురుకానివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు.

నేను ఎముకల డాక్టరుని. ఈ ఆపరేషన్లు చేసినవాణ్ని, వాటి మేలు కళ్లారా చూసినవాణ్ని. కర్ర లేకుండా అడుగు వేయలేని మనిషి కొన్ని నెలల తర్వాత ఒక్కతే బస్సెక్కి చూపించుకోవడానికి రావడం నాకు తెలుసు. అయినా చెబుతున్నాను. ఎక్స్‌రేలో ఎముక ఎముకకు తగులుతోందన్న ఒక్క కారణంతో ఈ ఆపరేషన్ చేయించుకోకూడదు. డెబ్బై దాటాయన్న ఒక్క కారణంతో మానుకోనూ కూడదు. నొప్పి ఆ మనిషి బతుకులోంచి ఏమేం లాక్కుంటోంది, వాటిలో ఏవి ఆపరేషన్ తిరిగి ఇవ్వగలదు, ఈ రెండూ తెలుసుకున్నాక ఆ మనిషే తేల్చుకోవాలి. నాతో సహా మిగిలినవాళ్లందరం అందుకు సాయపడేవాళ్లమే.

ఇది మాకు మాస్టారు నేర్పిన పద్ధతి. ఆయన ఓపీ గదిలో రోగి కూర్చునే కుర్చీ తలుపుకు దూరంగా అటు చివర ఉండేది. కావాలనే అలా వేయించారు. బయట బెంచీ మీద ఉన్న ఒకావిడను పేరు పెట్టి పిలవగానే, ఆయన రాస్తున్న కలం ఆపి తలుపులోంచి చూసేవారు. ఆవిడ ఒక చెయ్యి బెంచీ అంచుకు ఆనించి, రెండో చెయ్యి మోకాలి మీద వేసి, కాస్త ముందుకు జరిగి, సగం లేచి ఆగేది. ఒక క్షణం పళ్లు బిగబట్టి అప్పుడు నిటారుగా నిలబడేది. మొదటి నాలుగడుగులు పక్కలకు ఊగుతూ పడేవి, తర్వాత కొంచెం సర్దుకునేవి. ఆవిడ కుర్చీ దాకా వచ్చేలోపు మాస్టారికి సగం సంగతి అర్థమైపోయేది. "మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తావమ్మా? రాత్రిళ్లు నొప్పికి మెలకువ వస్తోందా? ఇంట్లో మరుగుదొడ్డి ఎలాంటిది? నీళ్లు ఎవరు తెస్తారు?" అని అడిగేవారు. ఆ తర్వాత కాలు పట్టుకుని వంచి, తుంటి తిప్పి, నడుము తట్టి చూసేవారు. ఎక్స్‌రే కవరు మాత్రం చివర్లోనే తెరిచేవారు.

"ఏ ఊరు? చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు?" అని కూడా అడిగేవారు. మా విద్యార్థులకు మొదట్లో అది పలకరింపులా అనిపించేది, అసలు కారణం నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరైడ్ వ్యాధిని 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ తర్వాత నల్లగొండ ఊళ్లు దానితో ఎంత బాధపడ్డాయో అందరికీ తెలుసు. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కొందరికి వెన్నులో నరాలు నొక్కుకుపోయి కాళ్లు బరువెక్కుతాయి. అలాంటివారికి మోకాలు మార్చినా నడక రాదు. తుంటి కీలు పాడైన వాళ్లలోనూ నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది. రెండు చేతుల వేళ్లూ వాచి, పొద్దున్నే గంటసేపు పట్టేసినట్టుంటే అది వేరే కీళ్లవాతం కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. కాబట్టి మొట్టమొదట తేలాల్సింది నొప్పి మోకాలిదేనా అన్నది.

మోకాలిదే అనుకుందాం. లోపల ఏం జరుగుతుంది? తొడ ఎముక కింది కొసకు, దాని కిందున్న పెద్ద ఎముక పై కొసకు మృదులాస్థి పొర ఉంటుంది. బాగున్న మోకాలిలో అది లేత కొబ్బరిలా తెల్లగా, నున్నగా మెరుస్తుంది. దీన్నే మనవాళ్లు గుజ్జు అంటారు. ఈ పొరలో నరాలు లేవు. అంటే అది అరిగినంత మాత్రాన నొప్పి పుట్టదు. దాని కింది ఎముక ఒత్తిడికి లోనైనప్పుడు, కీలు చుట్టూ ఉన్న పొర వాచినప్పుడు, కండరాలు బలం పోగొట్టుకున్నప్పుడు నొప్పి తెలుస్తుంది. అందుకే ఎక్స్‌రేకూ బాధకూ లెక్క కుదరదు. ఎక్స్‌రే చూసి అరుగుదలను సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులుగా లెక్కగట్టే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో ప్రచురించారు. అది ఎముక ఆకారాన్ని కొలిచే కొలబద్ద. దాన్ని ఇప్పుడు తీర్పు పత్రంలా వాడుతున్నారు. నాలుగో గ్రేడు మోకాళ్లతో, దొడ్డికాళ్లతో రోజూ పొలం వెళ్లొచ్చే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. రెండో గ్రేడుతో మంచం దిగలేని మనిషినీ చూసి ఉంటారు. ఉచిత శిబిరంలో వరసగా ఎక్స్‌రేలు తీసి, "గ్రేడ్ ఫోర్, ఇక ఆపరేషనే" అని చీటీ రాసిచ్చే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. ఆ చీటీ రాసినవారు ఆ మనిషిని నడిపించి చూడలేదు.

ఇక ఆపరేషన్ కంటే ముందు చేయాల్సినవాటి సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

"ఫిజియోథెరపీ చేయించుకున్నాను డాక్టరుగారూ, ఏమీ తగ్గలేదు" అంటారు. ఏం చేయించారు అని అడిగితే, పది రోజులు వేడి పెట్టారు, కరెంటు పెట్టారు అంటారు. మంచం మీద పడుకుని పెట్టించుకునే కరెంటుతో ఆ పూటకు హాయిగా ఉంటుందేమో గానీ తొడ కండరానికి బలం రాదు. మోకాలి భారాన్ని మోసేది ఆ కండరమే. కుర్చీ అంచున కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టి దించడం, పడుకుని కాలు నిటారుగా జానెడు లేపి ఆపడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం, ఇవి చూడటానికి చిన్న పనులు. వారంలో నాలుగైదు రోజులు, మూడు నెలలపాటు, వారం వారం కాస్త పెంచుకుంటూ చేస్తే వాటి ఫలితం తెలుస్తుంది. మొదటి రెండు వారాలు నొప్పి కొంచెం పెరగవచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు.

దీనికి మంచి రుజువు డెన్మార్క్ నుంచి వచ్చింది. ఆపరేషన్‌కు తగినవారేనని సర్జన్లు తేల్చిన వంద మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మోకాలు మార్చి, ఆపై పన్నెండు వారాల వ్యాయామం, ఆహార సలహా, మందులు ఇచ్చారు. రెండో జట్టుకు ఆపరేషన్ లేకుండా మిగిలినవన్నీ ఇచ్చారు. ఫలితాలు 2015లో వచ్చాయి. ఏడాది తర్వాత నూరు మార్కుల కొలతలో ఆపరేషన్ జట్టు సగటున 32.5 మార్కులు మెరుగుపడింది, రెండో జట్టు 16. ఆపరేషన్ ఎక్కువ మేలు చేసిందన్నది స్పష్టం, దాన్ని దాచకూడదు. అదే సమయంలో తీవ్రమైన దుష్ఫలితాలు ఆపరేషన్ జట్టులో 24, రెండో జట్టులో 6. వ్యాయామం జట్టులో ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు దాదాపు నాలుగో వంతు. రెండేళ్లు గడిచేసరికి కూడా ముగ్గురిలో ఇద్దరు ఆపరేషన్ లేకుండానే గడుపుతున్నారు. ఆ ఇద్దరిలో మీ అమ్మగారు ఉంటారో లేదో మూడు నెలలు సరిగా చేయించి చూస్తే గానీ తెలియదు.

బరువు గురించి చెబితే చాలామంది నొచ్చుకుంటారు, అయినా చెప్పక తప్పదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. నడవలేని మనిషికి బరువు తగ్గడం ఎంత కష్టమో నాకు తెలుసు. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచే పని ఆవిడ ఒక్కర్తి వల్ల కాదు. ఆ వంట ఇంటిల్లిపాదీ తింటేనే సాగుతుంది.

నొప్పి బిళ్లల విషయంలో నా భయం వేరు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, మెడికల్ షాపులో రంగు రంగుల బిళ్లల పొట్లం, అలా ఏళ్లు గడిచిపోతాయి. రోజూ వాడే డైక్లోఫెనాక్ లాంటి మందులు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూల కారణం ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు, అయితే అక్కడి మనిషి నొప్పి బిళ్లలను చాక్లెట్ల మాదిరి మింగడం ఎంతమాత్రం మంచిది కాదు. మోకాలి మీద రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ అంతకన్నా నయం. ముందు దాన్ని వాడి చూడాలి.

కీలులోకి ఇచ్చే సూదుల సంగతి త్వరగా చెబుతాను. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. మనవరాలి పెళ్లి గట్టెక్కడానికి పనికొస్తుంది. దాన్నే మూడు నెలలకోసారి రెండేళ్లపాటు ఇచ్చి చూస్తే, ఉప్పునీటి సూది కన్నా నొప్పి తగ్గింపులో తేడా లేకపోగా మృదులాస్థి ఇంకాస్త ఎక్కువ కరిగిందని 2017లో తేలింది. సొంత రక్తంలోంచి తీసి ఎక్కించే పీఆర్‌పీని ఆస్ట్రేలియాలో 288 మంది మీద ఉప్పునీటితో పోల్చారు. ఏడాది తర్వాత రెండూ ఒకటే అని 2021లో ప్రకటించారు. గుజ్జు ఇంజెక్షన్ అని మన ఊళ్లలో అమ్ముడుపోయేది కూడా పోయిన గుజ్జును తిరిగి మొలిపించదు. దూర్బీను పెట్టి కీలు కడిగే ఆపరేషన్‌ను అరిగిన మోకాలి మీద చేయడం దండగ అని హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిగిన పరీక్ష 2002లోనే చూపింది. అందులో కొందరికి చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి కుట్టేశారు, వాళ్లకూ అంతే తగ్గింది. వీటికి పెట్టే డబ్బు ఇంట్లో మంచి కమోడ్ కట్టించడానికి, మెట్ల పక్కన కడ్డీ వేయించడానికి వాడితే మోకాలికి అంతకన్నా మేలు.

ఇక ఆపరేషన్ దగ్గరికి వద్దాం. కొత్త మోకాలు పెట్టాలన్న ఆలోచన పాతది. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జన్ క్షయతో పాడైన మోకాలికి ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. చీముపట్టి ఆ ప్రయత్నం విఫలమైంది. ఇప్పుడు మనం వాడుతున్న కీలుకు మూలరూపం 1974లో న్యూయార్క్‌లో తయారైంది. దాన్ని రూపొందించినవారిలో జాన్ ఇన్సాల్‌తోపాటు మన చిత్తరంజన్ రనావత్ ఒకరు. ఇందోర్‌లో వైద్యం చదివి అమెరికా వెళ్లినవారు. 2000 అక్టోబరులో ప్రధాని వాజ్‌పేయి ఎడమ మోకాలిని, 2001 జూన్‌లో కుడి మోకాలిని ముంబై బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో మార్చింది ఆయనే. అప్పటిదాకా మన జిల్లాల్లో ఇలాంటి ఆపరేషన్ ఒకటుందని తెలిసినవాళ్లు కొద్దిమంది. టీవీలో ఆ వార్తలు చూశాక మా ఓపీకి వచ్చినవాళ్లు "వాజ్‌పేయి గారికి చేసిందే నాకూ చేస్తారా?" అని అడగడం నాకు బాగా గుర్తు. ఒకేసారి రెండూ మార్చకుండా మధ్యలో ఎనిమిది నెలలు ఆగారన్న సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు.

చాలామంది చిప్ప తీసేసి కొత్త చిప్ప పెడతారనుకుంటారు. చిప్ప దాని చోటనే ఉంటుంది, కొందరికి దాని లోపలివైపు మాత్రం చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. మార్చేది ఎముకల కొసలను. రెండు వైపులా ఎనిమిది పది మిల్లీమీటర్ల మందాన కోసి, పైన కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెట్టి ఎముక సిమెంటుతో బిగిస్తారు. వంకర తిరిగిన కాలు చక్కబడుతుంది. అదే రోజో మర్నాడో వాకరు పట్టుకుని నిలబెడతారు. మొదటి ఆరు వారాలు కష్టమైనవి. మోకాలు వంచే వ్యాయామం నొప్పిగా ఉంటుంది, ఆ నొప్పికి జాలిపడి ఇంటివాళ్లు మాన్పిస్తే కాలు బిగుసుకుపోతుంది. వాపు, వేడి నెలల తరబడి ఉంటాయి. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. గాటుకు బయటివైపు చర్మం మొద్దుబారినట్టు ఉండిపోతుంది, నడుస్తుంటే టక్కుమని చప్పుడు వినిపించవచ్చు. ఇవేవీ ఆపరేషన్ చెడిపోయిన గుర్తులు కావు. ఈ మాట ముందే చెప్పాలి.

ఇంతకీ అది ఏం ఇస్తుంది? నడక నొప్పిని, రాత్రి నొప్పిని బాగా తగ్గిస్తుంది. బజారుకు, గుడికి, బంధువుల ఇళ్లకు వెళ్లనిస్తుంది. మెట్లెక్కనిస్తుంది. ఏం ఇవ్వదు? మన జీవితం నేల మీద సాగేది. బాసింపట్టు వేసుకుని కూర్చుని కూరగాయలు తరగడం, గొంతుక్కూర్చుని గిన్నెలు తోమడం, వరినాట్లకు వంగడం, పూజ దగ్గర పీట మీద కూర్చోవడం, నమాజులో మోకరిల్లడం. కొత్త కీలు సాధారణంగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ వంపు కావాలి. కొందరు కూర్చోగలుగుతారు, సర్జన్లు చాలామంది వద్దంటారు. మసీదుల్లో వరస చివర వేసిన కుర్చీలు మీరు చూసే ఉంటారు. ఆపరేషన్ అయినా ఆ కుర్చీ అవసరం చాలామందికి తీరదు.

ఇది చెప్పకుండా చేసిన ఆపరేషన్లే తర్వాత కన్నీళ్లు పెట్టిస్తాయి. రిటైరైన ఒక టీచరమ్మ నా దగ్గరికి వచ్చారు. ఎక్స్‌రే చూస్తే నాలుగో గ్రేడు. నిద్ర బాగా పడుతోంది, సాయంత్రం వీధి చివరి దాకా నడుస్తున్నారు. ఆపరేషన్ ఎందుకమ్మా అంటే, "కార్తీకమాసంలో నేల మీద కూర్చుని దీపాలు పెట్టుకోవాలండీ" అన్నారు. ఆ పని ఆపరేషన్ చేయలేదని వివరించాను. ఎత్తు పీట చేయించుకున్నారు, వ్యాయామం పట్టుదలగా చేశారు, ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తలేదు. మరొకావిడ బండి మీద ఇడ్లీ అమ్మేవారు. ఎక్స్‌రేలో అరుగుదల అంతకన్నా తక్కువే. తెల్లవారుజామున లేచి నిలబడి పనిచేయాలి, రాత్రి నొప్పికి నిద్ర లేదు, బిళ్లలతో కడుపు మంట. మూడు నెలల వ్యాయామం కూడా కుంటుతూనే పూర్తిచేశారు. ఆవిడకు చేశాం. నొప్పి తగ్గి మళ్లీ బండి దగ్గర నిలబడ్డారు. ఇద్దరి నిర్ణయాలూ సరైనవే.

కాలినడకన తిరుమల ఎక్కాలని అడిగేవాళ్లు చాలామంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాటాల్సిన మోకాళ్ల పర్వతం. ఆపరేషన్ తర్వాత నెమ్మదిగా ఎక్కినవాళ్లున్నారు. అయితే ఆ మొక్కు కోసమే మోకాలు మార్పించుకుంటానంటే నేను ఇంకోసారి ఆలోచించమంటాను.

ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తిపడలేదని స్వీడన్, కెనడా లాంటి దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. నలుగురు సంతోషంగా ఉండటం గొప్ప సంగతే. ఐదో మనిషి ఎవరు అన్నది ముందే కొంత ఊహించవచ్చు. ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిగానే ఉన్నా ఆపరేషన్ చేయించుకున్నవారు, ఒళ్లంతా నొప్పులున్నవారు, దిగులుతో కుంగిపోయినవారు, నడుము నొప్పి కూడా ఉన్నవారు, ముప్పై ఏళ్ల నాటి కాళ్లు తిరిగొస్తాయని ఆశించినవారు. ఎక్స్‌రే అసలు అక్కర్లేదని నేను అనను. అరుగుదల తక్కువగా ఉండి నొప్పి విపరీతంగా ఉంటే, నొప్పికి మరో మూలం వెతకమని అది మనల్ని హెచ్చరిస్తుంది.

కొత్త కీలు ఎంతకాలం వస్తుంది? ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రికార్డులను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, పూర్తిగా మార్చిన మోకాళ్లలో 82 శాతం పాతికేళ్లకు కూడా పనిచేస్తున్నాయి. వయసును బట్టి ఇది మారుతుంది. డెబ్బై దాటాక చేయించుకున్నవారిలో జీవితంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది నూటికి ఐదుగురి లోపు. యాభై దాటగానే చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం దాకా ఉంటుందని బ్రిటన్ లెక్క. రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదానంత తేలిక కాదు, ఫలితమూ అంతగా ఉండదు. కాబట్టి డెబ్బై రెండేళ్ల ఆవిడతో "ఈ వయసులో ఎందుకు?" అనేవాళ్లు, యాభై రెండేళ్ల ఆయనతో "ఎలాగూ తప్పదుగా, ఇప్పుడే చేయించేసుకో" అనేవాళ్లు ఇద్దరూ తలకిందులుగా ఆలోచిస్తున్నారు. లోపలివైపు మాత్రమే అరిగినవాళ్లకు సగం కీలు మార్చడం, వయసులో చిన్నవాళ్లకు ఎముకను కోసి కాలు నిటారు చేయడం అనే దారులున్నాయి. అవి మీకు తగవంటే ఎందుకు తగవో డాక్టరును అడగండి.

ప్రమాదాల సంగతి దాచడం తప్పు. నూటికి ఒకరిద్దరికి కీలులో చీము చేరుతుంది. అది వస్తే కొన్నిసార్లు పెట్టిన కీలు మొత్తం తీసి, నెలల తరబడి మందులు వాడి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. కాలి రక్తనాళంలో గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరడం అరుదు, అయినా ప్రాణాంతకం. మన తెలుగువాళ్లలో చక్కెర జబ్బు ఎక్కువ కాబట్టి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ ఎనిమిది దాటితే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. పుచ్చిన పన్ను, పాదం మీద మానని పుండు, రక్తహీనత ఉంటే అవీ ముందే నయం చేసుకోవాలి. రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చడం మన దగ్గర మామూలైపోయింది. ఒకే మత్తు, ఒకే బిల్లు, ఒకే సెలవు. గుండె, ఊపిరితిత్తులు బాగున్న మనిషికి అది కుదరవచ్చు. మిగిలినవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది, పైగా ఒకటి మార్చాక రెండో మోకాలికి ఆ అవసరమే రానివాళ్లూ ఉన్నారు. రోబో కోతను మరింత కచ్చితంగా కోస్తుంది, నిజమే. దానివల్ల రోగికి తెలిసే మేలు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటుందని గట్టిగా తేలలేదు. దానికోసం అప్పు చేయవద్దు.

డబ్బు మాట వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్రం కీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. లక్షన్నర దాటి అమ్మిన కోబాల్ట్ క్రోమియం కీలు జీఎస్‌టీ కాక 54,720 రూపాయలకు దిగింది. అది ప్రజలకు జరిగిన నిజమైన మేలు. గది, థియేటరు, మందుల ఖర్చులు దానికి వేరే. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి ఏది వర్తిస్తుందో చేరకముందే తెలుసుకోవాలి.

ఇంట్లో నిర్ణయం ఎలా జరుగుతుందో నేను ఓపీలో చూస్తూనే వచ్చాను. కొడుకు ఎక్స్‌రే పట్టుకుంటాడు, కోడలు ఫైలు పట్టుకుంటుంది, అల్లుడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఉంటాడు, నొప్పి ఉన్న మనిషి గోడవైపు చూస్తూ ఉంటుంది. "మేం డిసెంబరులో వస్తాం, అప్పుడే కానిచ్చేద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా టికెట్ల తేదీని బట్టి మోకాలి తేదీ పెట్టకూడదు. వాళ్లు జనవరిలో తిరిగి వెళ్లిపోతే మిగిలిన ఏడాది ఎవరు నడిపిస్తారు?

దీనికి పూర్తిగా విరుద్ధమైన అన్యాయం కూడా ఉంది. కెనడాలోని ఒంటారియోలో ఉత్తరాలతో, ఫోన్లతో సర్వే చేసి చూసినప్పుడు, కీలు మార్పిడి అవసరమై కూడా అందనివాళ్లలో మగవాళ్లకు మూడింతలకు పైగా ఆడవాళ్లే ఉన్నారని 2000లో తేలింది. మన ఇళ్లల్లో కారణం నాకు తెలుసు. "ఇప్పుడెందుకులే, పెద్దపిల్ల కాన్పు కానీ", "పంట చేతికి రానీ" అంటూ ఆవిడే వాయిదా వేస్తుంది. పక్కింటావిడ ఆపరేషన్ తర్వాత మంచాన పడిందన్న కథ ఎవరో చెబుతారు. అలా ఏళ్లు గడిచాక వస్తే అప్పటికి కాలు చాపలేదు, తొడ కండరం ఎండిపోయి ఉంటుంది. అలాంటి మోకాలికి ఆపరేషన్ చేసినా అందాల్సినంత ఫలితం అందదు. ఇది గుండెపోటు లాంటిది కాదు, కాబట్టి ఈ రోజే సంతకం పెట్టమని తొందరపెట్టే చోట పెట్టకండి. అలాగని నిద్ర కరువై, గడప దాటడం పోయి, వ్యాయామంతోనూ తగ్గని మనిషిని ఇంకా ఆగమనడం ధర్మం కాదు.

అందుకే నా ఓపీలో ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోమని, ఆవిడతో విడిగా మాట్లాడతాను. ఈ నెలలో నొప్పివల్ల ఏం మానేశారో చెప్పమంటాను. మూడు పనులు తిరిగి చేయగలిగితే ఏవి కావాలంటారో అడుగుతాను. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు వంట ఎవరు చేస్తారు, కమోడ్ ఉందా, పొద్దునా సాయంత్రం వ్యాయామం చేయించే మనిషి ఎవరు అని అడుగుతాను. ఫలితం అనుకున్నంత రాకపోతే ఎలా ఉంటుందో కూడా అడుగుతాను. జవాబులు ఆవిడ మాటల్లోనే కాగితం మీద రాసి ఇస్తాను. రెండు వారాలాగి రమ్మంటాను. చాలామంది తిరిగొచ్చేసరికి తమ మనసు తాము తెలుసుకునే వస్తారు.

మరో మాట, ఇక్కడున్న యువ సర్జన్లకు. ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి తగ్గనివాళ్లు మీ దగ్గరికి ఫైలు చంకన పెట్టుకుని వస్తారు. "ఎక్స్‌రే బాగుంది, అంతా మీ మనసులోనే ఉంది" అని పంపేయకండి. చీము ఉందేమో రక్తపరీక్షతో, అవసరమైతే కీలు నీరు తీసి చూడండి. కీలు వదులైందా, తుంటి, నడుము ఎలా ఉన్నాయి, నరాల నొప్పి ఉందా, నిద్ర, దిగులు ఎలా ఉన్నాయి, అన్నీ చూడండి. బ్రిటన్‌లో ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఇంకా నొప్పి ఉన్నవాళ్లను వెతికి పట్టుకుని, ఇలా ఒక్కొక్కటే చూసి తగిన చోటికి పంపే పద్ధతిని పరీక్షించారు. ఏడాదికి వాళ్ల నొప్పి మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లకన్నా కొంత తగ్గింది. మన దగ్గర కుట్లు విప్పాక మళ్లీ పలకరించేవాళ్లు తక్కువ.

మాస్టారి కుటుంబానికి నాదొక విన్నపం. మాస్టారి స్మారక ధర్మనిధి వడ్డీలో కొంత భాగంతో మన ప్రభుత్వాసుపత్రిలో వారానికి రెండు పూటలు ఒక ఫిజియోథెరపిస్టు కూర్చునే ఏర్పాటు చేద్దాం. ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకు మూడు నెలల వ్యాయామం దగ్గరుండి నేర్పాలి, చేయించుకున్నవాళ్లకు మూడో నెలలో ఫోను చేసి ఎలా ఉందో అడగాలి. మొదటి ఏడాది అందుకయ్యే ఖర్చులో నా వంతు ఈ రోజే ఇస్తున్నాను. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. ముందుగా మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లే అడగండి, తర్వాత వాళ్ల పిల్లలు అడుగుదురుగాని.